విల్బరు రైటు: ద్విచక్రము నేర్పిన పాఠము

భీమడోలు నుండి ద్వారకా తిరుమలకు పోవు మార్గమున మోటారు సైకిళ్లను మనము నిత్యము చూచుచున్నాము. మలుపు వచ్చినపుడు నడుపువారు బండిని ప్రక్కకు వాల్చి అవలీలగా తిరుగుదురు. అది యెట్లు జరుగుచున్నదో వారిలో పెక్కుమంది యెరుగరు. ఆ సంగతిని తరచి చూచినవారిలో అమెరికా దేశీయుడగు విల్బరు రైటు ఒకడు. అతని చరిత్రమును మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

విల్బరు 1867వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రి మిల్టను రైటు క్రైస్తవ బిషపు. యేలు కళాశాలకు పోవలెనని తలంచుచున్న యీ యువకుడు, 1885–86 శీతకాలమున మంచుపై ఆడుచుండగా హాకీ కర్ర ముఖమునకు తగిలి ముందు పండ్లు పోగొట్టుకొనెను. ఆ దెబ్బతో కళాశాల ఆశ అడుగంటెను. క్షయచే మంచమునబడిన తల్లికి, 1889లో ఆమె మరణించు వరకు పరిచర్య చేయుచు, ఇంటనున్న పుస్తకములనే గురువులుగా గైకొనెను.

1892లో తమ్ముడు ఆర్విలుతో గూడి డేటను పట్టణమున బైసికిళ్ల దుకాణము పెట్టెను. ఎడమకు తిరుగుటకు ఏమి చేయుదురని అతడు బైసికిలు త్రొక్కువారిని అడుగుచుండెను. హాండిలును ఎడమకు త్రిప్పుదుమని వారు చెప్పుచుండిరి. మరల మరల ప్రశ్నింపగా, ముందుగా కొంచెము కుడికి త్రిప్పుచున్నట్లు తేలెను.

కారణమిది. హాండిలు కుడికి తిరుగగానే చక్రములు మనిషి బరువు క్రిందనుండి కుడికి జరుగును. బండి ఎడమకు వాలును. అపుడు హాండిలు వాలిన వైపునకే తిరిగి, పడిపోవుటను ఆపి, బండిని ఎడమకు నడిపించును. తిన్నగా పోవునపుడును చక్రము పడబోవు వైపునకు తిరిగి బరువు క్రిందికి చేరుచుండుట చేతనే బండి నిలుచుచున్నది. మోటారు సైకిలునకు బరువును వేగమును అధికము. ఒడలు వంచుట మాత్రమే చాలదు. ఎడమకు పోవలెనన్న ఎడమ పిడిని మెల్లగా ముందుకు నెట్టవలెను. ఇది తెలియనివాడు అపాయము కంటబడినపుడు బెదరి, హాండిలును వేరువైపునకు లాగి, తప్పించుకొనదలచిన దానిమీదికే బండిని వాల్చుకొనును.

విమానము తనంతట తానే తొణకక నిలువవలెనని పలువురు తలంచుచున్న కాలమున, బైసికిలువలె దానిని నడుపువాడే క్షణక్షణము సరిదిద్దుకొనవలెనని సోదరులు గ్రహించిరి. 1899లో రెక్కల కొనలను మెలిపెట్టు ఉపాయమును పరీక్షించిరి. 1903 డిసెంబరు 17న కిట్టీహాకు సమీపమున విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులు ఎగిరెను. 1912 మే 30న టైఫాయిడు జ్వరముచే 45 ఏండ్ల ప్రాయమున మరణించెను.

అందరును ఎరిగినదే అనుకొన్న దానిని అతడు మరల అడిగెను. మన విద్యార్థులును చేతికి వచ్చిన పనిని బుద్ధికిని తెలియజేసికొందురు గాక.