అద్దె గది నుంచి రూపాయి విలువ దాకా

బూర్గంపాడు వైపు మిరప కోతకు పోయే కూలి తల్లికి ధరలంటే బియ్యం, పప్పు, నూనె. సారపాకలో అద్దెకుంటూ పనికెళ్ళే కాంట్రాక్టు కార్మికుడికి వాటిపైన ఇంటి అద్దె. ఈ రెండు బాధలూ తెలిసిన అర్థశాస్త్రవేత్త మనకున్నారు. బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా ఊరూరా తలుచుకుంటాం గానీ, ధరల గురించి ఆయన చెప్పింది మనం తక్కువ చదివాం.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన ఆయన, బొంబాయి పరేల్‌లో ఒకే గదిలో కుటుంబమంతటితో ఉంటూ చదువుకున్నారు. వంటా, నిద్రా, చదువూ అక్కడే. 1917లో విదేశీ చదువుతో బరోడా కొలువుకొస్తే అంటరానివాడని ఎవరూ ఇల్లివ్వలేదు. కులం దాచి పార్సీ సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. జీతముండీ గది దొరకని ఆ స్థితి ఏ ధరల సూచీకీ ఎక్కదు.

లండన్‌లో అర్ధాకలితో చదివి రాసిన రూపాయి సమస్య 1923లో పుస్తకమైంది. అప్పటి పెద్దల తగువంతా రూపాయి మారకం రేటు మీద. ఆయన మాత్రం ఆ రూపాయి దేశంలో ఎంత సరుకు కొంటుందన్నది ముఖ్యమన్నారు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదనీ, ఆ తేడా యజమాని లాభంలో కలుస్తుందనీ చూపించారు. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చారు.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ ఆయనదే. యుద్ధంతో ధరలు మండుతున్న రోజులవి. ఆ శాఖ కిందే పారిశ్రామిక పట్టణాల్లో కార్మిక కుటుంబాల ఖర్చులు సేకరించారు: తిండికెంత, అద్దెకెంత, బట్టకెంత. జీవన వ్యయ సూచీకి పునాది అదే. కరువు భత్యం అడగడానికి కార్మికుడికి ఆ సూచీయే ఆధారం. ఆ పనిని కొనసాగించే లేబర్ బ్యూరో 1946లో సిమ్లాలో ఏర్పడింది.

2012 ఆధార సంవత్సరంగా వచ్చిన వినియోగదారుల ధరల సూచీలో తిండి, పానీయాల వాటా గ్రామాలకు 54.18 శాతం, పట్టణాలకు 36.29 శాతం. ఇంటి వాటా పట్టణాలకు 21.67 శాతం, గ్రామాలకు సున్నా. పల్లెలో అద్దెకు దిగిన కుటుంబం భారం ఆ లెక్కలోకే రాలేదన్నమాట.

అందుకే కూలి రేట్ల మీద మాట్లాడబోయే ప్రతిసారీ మన వాడల్లో పదిళ్ళ నెల ఖర్చు రాసుకుని వెళ్దాం. సర్కారు సూచీ పక్కన మన లెక్క కూడా పెట్టి అడుగుదాం.