సవర కొండల్లో వ్యాకరణం నేర్చుకున్న మన గిడుగు

శ్రీముఖలింగేశ్వరుని దర్శనానికి వెళ్ళే మన జిల్లావారికి వంశధార తీరం కొత్త కాదు. ఆ క్షేత్రానికి దగ్గరలోనే పర్వతాలపేట అనే చిన్న ఊరు ఉంది. 1863 ఆగస్టు 29న ఆ ఊళ్ళో పుట్టిన ఒక పిల్లవాడు పెద్దవాడై పట్టిన పట్టు వల్లనే ఇవాళ మనం పత్రికను పండితుడి సాయం లేకుండా చదువుకుంటున్నాం. రచ్చబండ దగ్గర ఒకరు చదివితే పదిమంది విని అర్థం చేసుకుంటున్నాం. ఆ పిల్లవాడే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

ఏటా ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. దండలు వేస్తాం, ఉపన్యాసాలు వింటాం. అయితే ఆయనకు భాషా శాస్త్రం ఏ కాలేజీలోనూ ఎవరూ నేర్పలేదన్న సంగతి, ఆయనకు దారి చూపినవారు చదువురాని సవరలన్న సంగతి చాలామందికి తెలియదు. పంతులుగారి జీవితంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది అదే.

తండ్రి లేని బాల్యం

రామమూర్తిగారి తండ్రి వీర్రాజుగారు రెవెన్యూలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో ఆయన జ్వరం వచ్చి కన్నుమూశారు. అప్పటికి కొడుకుకు పన్నెండేళ్ళు. మేనమామ ఇంట ఉండి విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. తర్వాతి కాలంలో కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఇద్దరి స్నేహం చివరిదాకా నిలిచింది.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. పై చదువుకు వీలు లేక 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరారు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. ఆ రోజుల్లో మధ్యలో రాష్ట్రం హద్దు లేదు. పాఠాలు చెబుతూనే సొంతంగా చదివి 1886లో ఎఫ్.ఎ., ఆ తర్వాత బి.ఎ. ప్యాసయ్యారు. బడి కాలేజీ అయ్యాక అందులో చరిత్ర బోధించారు. ముఖలింగం గుడిలోని శాసనాల పాత లిపిని కూడా తనకు తానే కూడబలుక్కుని నేర్చుకుని, కళింగ గాంగరాజుల చరిత్ర మీద వ్యాసాలు రాశారు.

సవరల దగ్గర శిష్యరికం

పర్లాకిమిడి చుట్టూ కొండల మీద సవరలు ఉంటారు. సంతకు దిగి వచ్చినప్పుడు వారి మాట కింది వారికి అర్థం కాదు. లెక్క చూసే షావుకారు చేతిలోనూ, కాగితం రాసే గుమస్తా చేతిలోనూ మోసపోవడం వారికి మామూలు. వారికి బడి పెట్టాలంటే ముందు వారి మాట తెలియాలి. ఆ మాటకు అప్పటికి లిపి లేదు, నేర్పడానికి తగిన పుస్తకమూ లేదు.

పంతులుగారు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకతన్ని తన ఇంట్లోనే పెట్టుకుని భోజనం పెట్టి, అతని దగ్గర మాట మాట అడిగి తెలుసుకున్నారు. తర్వాత కొండలెక్కి సవర గూడేలకు తిరిగారు. పాటలు, కథలు విని రాసుకున్నారు. ఆ తిరుగుడులో మలేరియా పట్టుకుంది. జ్వరానికి మింగిన క్వినైను ఆయన చెవులను దెబ్బతీసింది. ఆ చెవుడు జీవితాంతం పోలేదు. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకంటె పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆపలేదు.

ఆ భాష తీరు తెలుగుకు పూర్తిగా వేరు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందితే, సవర ముండా కుటుంబానికి చెందింది. పలుకు మధ్యలో గొంతును టక్కున బిగబట్టి వదిలే ధ్వని అందులో ఉంది. దానికి మన అక్షరమాలలో అక్షరమే లేదు. పులిని పట్టడం, నీళ్ళు తాగడం వంటి పనులను చెప్పేటప్పుడు నామవాచకం పొట్టిదై క్రియలో కలిసిపోతుంది. వాక్యమంతా ఒకే మాటగా వినిపిస్తుంది. లెక్క కూడా వేరే. పన్నెండు దాకా లెక్కించి, పదమూడుకు పన్నెండూ ఒకటీ అంటారు. ఇరవై దాటాక ఇరవైల లెక్క. బడి ముఖం చూడని మనిషి నోట ఇంత కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. ఆ పద్ధతిని ఎవరూ పుస్తకం చూసి నేర్పలేదు. తల్లి ఒడిలో పిల్లవాడికి దానంతట అదే వస్తోంది.

అంటే వ్యాకరణం జనం నోట ముందే ఉంటుంది. పుస్తకం రాసేవాడు దాన్ని వెతికి పట్టుకుంటాడు, అంతే. పంతులుగారి తర్వాతి పోరాటానికి పునాది ఇక్కడే పడింది.

ఆయన తయారుచేసిన సవర పుస్తకాలను 1911లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించింది. ప్రతిఫలంగా వెయ్యి రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సొమ్ముతో సవర పిల్లలకు మంచి బడి నడపమని కోరారు. 30 రూపాయల జీతంతో బతుకు మొదలుపెట్టిన ఉపాధ్యాయుడికి వెయ్యి రూపాయలంటే ఎంతో మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. 1913లో ప్రభుత్వం రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. సవర భాష మీద ఆయన పెద్ద గ్రంథం 1931లోను, ఇంగ్లీషు-సవర నిఘంటువు 1933లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. తర్వాత విదేశాల నుంచి సవర భాషను పరిశోధించడానికి వచ్చిన పండితులకు ఆ పుస్తకాలే ఆధారమయ్యాయి.

అప్పటి తెలుగు చదువు

ఇక తెలుగు సంగతి. ఆ రోజుల్లో వ్యాకరణం పండితుల సొత్తు. పంతొమ్మిదో శతాబ్ది నడుమ పరవస్తు చిన్నయసూరిగారు రాసిన బాలవ్యాకరణం బడులన్నిటా శాసనమై కూర్చుంది. పాత కావ్యాల భాషకు చేసిన సూత్రాలను వచనానికి కూడా పెట్టారు. అరసున్నలు, బండి ఱలు, ద్రుతాలు, గసడదవాదేశాలు తప్పితే మార్కులు పోతాయి. ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లవాడు బడిలో వచ్చుచున్నాడు అని రాయాలి. తల్లి నేర్పిన మాట రాస్తే తప్పు. ఇంతా చేసి చదువు పూర్తయిన వారిలో కూడా నాలుగు పంక్తులు తప్పు లేకుండా రాయగలిగినవారు అరుదు.

దీని చుట్టూ ఒక వ్యాపారం కూడా పెరిగింది. పాఠ్యపుస్తకం రాయాలన్నా, దానికి టీక రాయాలన్నా, పరీక్ష దిద్దాలన్నా ఆ సూత్రాలు వచ్చినవారే కావాలి. భాష కష్టంగా ఉన్నన్నాళ్ళు ఆ పనికి గిరాకీ తగ్గదు. నష్టపోయింది మాత్రం పల్లెటూరి పిల్లవాడు. ఇంట్లో పుస్తకం లేనివాడికి బడి భాష పరాయి భాష అయింది.

ఆ కాలంలోనే ఈ ప్రాంతాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా యేట్సు దొర వచ్చారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు మరొకటి ఎందుకుందని ఆయనకు సందేహం కలిగింది. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, రామమూర్తి పంతుల వద్ద ఆ చర్చ సాగింది. సవర భాషకు నోటి మాటే ప్రమాణమైనప్పుడు తెలుగుకు ఎందుకు కాకూడదన్నది పంతులుగారి ఆలోచన. 1911లో ఉద్యోగం నుంచి విరమించి, మిగిలిన జీవితాన్ని ఈ పనికే పెట్టారు.

ఎదురుదెబ్బలు

పని సులువుగా సాగలేదు. స్కూలు ఫైనలు పరీక్షలో వాడుకభాషలో రాయడానికి ముందు దొరికిన అవకాశం ఎక్కువకాలం నిలవలేదు. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గ్రాంథికం వైపు గట్టిగా నిలబడ్డారు. వారివీ ఉత్త మొండిపట్టుదల మాటలు కావు. ఒక్కో జిల్లాలో ఒక్కో తీరుగా మాట్లాడతారు, పుస్తకాల భాష ఒకటిగా ఉంటేనే తెలుగువారు ఒకటిగా ఉంటారన్నది వారి వాదం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. చెవుడుతో ఉన్న పంతులుగారికి కుడిభుజం విరిగినట్లయింది.

1919లో తెలుగు అనే మాసపత్రిక నడిపారు. అదే ఏడు రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగంగారు దానికి అధ్యక్షులయ్యారు. కొద్ది నెలలకే వారూ పోయారు. పంతులుగారు సంచీలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిరిగారు. ఆయన వాదన పద్ధతి వేరు. ఎదుటివారిని నిందించడానికి బదులు వారి పుస్తకాలే తెరిచి, గ్రాంథికమే రాయాలన్న పండితులు తామే గ్రాంథికం తప్పుగా రాశారని పుట చెప్పి చూపేవారు. పాత వ్యాఖ్యానాల్లో, శాసనాల్లో, చరిత్రల్లో పూర్వులు వచనానికి వాడుకమాటలే వాడారని ఎత్తి చూపేవారు. గద్య చింతామణి, బాలకవి శరణ్యము వంటి పుస్తకాలు ఆ శ్రమకు ఫలితం.

1924లో కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుకభాష మీద పెట్టిన నిషేధాన్ని ఎత్తివేసింది. 1925లో ఒక సభలో పంతులుగారు నాలుగు గంటలసేపు ప్రసంగించి సభికులను ఒప్పించారు. పర్లాకిమిడిలో ఆయన శిష్యులైన తాపీ ధర్మారావుగారు 1930ల్లో జనవాణి పత్రికను వాడుకభాషలో నడిపారు. అయితే పాఠ్యపుస్తకాల్లోను, పరీక్షల్లోను ఆ భాష నిలదొక్కుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. అది ఆయన చూడలేదు.

ఊరు విడిచిన దుఃఖం

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణాన్ని అందులో చేర్చవద్దని పంతులుగారు ఎంత పోరాడినా ఫలితం లేకపోయింది. పాతపట్నం ఇవతల, పర్లాకిమిడి అవతల అయ్యాయి. 56 ఏళ్ళు గడిపిన ఊరిని విడిచి డెబ్బై మూడో ఏట ఆయన రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. కుమారులు గిడుగు సీతాపతిగారు తండ్రి దారిలోనే నడిచి తెలుగుకు, సవరకు సేవ చేశారు.

మిగిలిన పని

పంతులుగారు గెలిచారని మనం అంటాం. కాని ఆయన పని పూర్తయిందా?

ఆయన కోరింది శిష్టవ్యావహారికం. అంటే చదువుకున్నవారు మర్యాదగా మాట్లాడే తెలుగు. పుస్తకాల్లోకి వచ్చిన ఆ తెలుగు ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల వైపు మాట అయింది. ఆ ఉద్యమానికి నాయకుణ్ణి ఇచ్చిన మన జిల్లా యాసను సినిమాల్లో నవ్వు పుట్టించడానికి వాడుకున్నారు. పట్నం కాలేజీకి వెళ్ళిన మన పిల్లలు నోరు విప్పడానికి వెనుకాడిన సందర్భాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. తల్లి నేర్పిన మాట తప్పని పిల్లవాడి చేత ఒప్పించడం ఇంకా పోలేదు. కాకపోతే తప్పు పట్టే చోటు మారింది.

ఆయన చూపిన దారిలో నడిచినవారూ ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో ఊరూరా తిరిగి రైతులు వాడే మాటలు సేకరించి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. నాగలి పట్టినవాడి దగ్గరకు పండితుడు వెళ్ళి అడిగి రాసుకున్నాడు. తర్వాత నేతపని మాటలూ సేకరించారు. భాషా శాస్త్రం ఇవాళ విశ్వవిద్యాలయాల్లో ఒక శాఖ. సెల్‌ఫోనులో మాట చెబితే అక్షరాలుగా మారే పనికి కూడా ఆ శాస్త్రం పనికొస్తోంది. అయితే ఏ భాషకు రాత, పుస్తకం ఎక్కువ ఉన్నాయో ఆ భాషకే ఆ సౌకర్యం ముందు అందుతోంది.

సవరల సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో సవర తమ భాష అని చెప్పినవారు దేశంలో నాలుగు లక్షల పైచిలుకు. 1936లోనే, పంతులుగారు పర్లాకిమిడి విడిచిన ఏడే, మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి కల్పించారు. 2000 తర్వాత మన రాష్ట్రంలోనూ కొన్ని గిరిజన బడులకు సవర వాచకాలు వచ్చాయి. వాచకం వచ్చినంత మాత్రాన చాలదు. ఆ మాట వచ్చిన ఉపాధ్యాయుడు బడిలో ఉండాలి. వెయ్యి రూపాయలు వద్దని పంతులుగారు కోరింది అదే.

ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసేటప్పుడు మెళియాపుట్టి, మందస కొండల వైపు కూడా ఒకసారి చూడాలి. అక్కడ సవర పిల్లవాడు తన ఇంటి మాటతో బడిలోకి అడుగుపెట్టి, ఆ మాటతోనే పలక పట్టిన రోజున పర్వతాలపేట పంతులుగారికి మన జిల్లా బాకీ కొంత తీరుతుంది.