రుద్రమదేవి

కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి పుత్రసంతానము లేదు. రుద్రమ, గణపాంబ యను పుత్రికలు మాత్రము కలరు. గణపాంబ ధరణికోట నేలిన కోట బేతరాజునకు ఇల్లాలయ్యెను. ఓరుగల్లు సింహాసనము రుద్రమకు దక్కెను. నిడుదవోలు చాళుక్యుడగు వీరభద్రుడు ఆమెకు భర్త. అల్లునికి గాక కూతునకే రాజ్యమిచ్చుట ఆ కాలమున సామాన్యమైన సాహసము కాదు.

అయినను గణపతిదేవుడు ఆమెను స్త్రీనామముతోడనే లోకము నెదుట నిలుపజాలకపోయెను. ఆమె రుద్రదేవమహారాజు కావలసివచ్చెను. పెక్కు శాసనములందు ఆ పురుషనామమే కానవచ్చును. పేరు మార్చినంతనే సామంతుల మనస్సులు మాఱునా? దేవగిరి యాదవరాజగు మహాదేవుడు దండెత్తివచ్చెను. ఆమె యతని నెదిర్చి తఱిమెను. బీదరు కోటలో ఆమె సామంతుని శాసనము దొరకుటచే ఆ విజయ మెంతదూరము సాగెనో యూహింపవచ్చును.

1261వ సంవత్సరపు మల్కాపురశాసనము నాకు ఆ విజయముకంటె ప్రియమైనది. కృష్ణాతీరమున విశ్వేశ్వరశివాచార్యునకు తండ్రి మందడము నొసగగా, ఆమె వెలగపూడిని దానము చేసెను. ఆ ధర్మమున మఠము, విద్యాస్థానము, అన్నసత్రములతోపాటు ఆరోగ్యశాలయు, ప్రసూతిశాలయు నేర్పడినవి. పురుషనామమున రాజ్యమేలినను, ప్రసవవేదన నెఱిగిన తల్లి యామె. ముగ్గురు కుమార్తెలను గన్నది.

వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి సీమనుగూర్చి వ్రాయుచు, అచ్చటి రాణి న్యాయశీలతను, సన్నని వస్త్రములను, వజ్రములను మిక్కిలి కొనియాడెను. కాని యామెను మృతుడైన రాజుయొక్క విధవగా తలచెను. కుమార్తె పట్టమునకు వచ్చునని ఆ పరదేశికి తోచలేదు కాబోలు!

దౌహిత్రుడగు ప్రతాపరుద్రుని ఆమె దత్తత చేసికొని రాజ్యభారమునకు సిద్ధపఱచెను. ఇంతలో కాయస్థనాయకుడగు అంబదేవుడు తిరుగబడెను. అతని యన్నయగు జన్నిగదేవుడు ఆమెకు నమ్మినబంటు. తమ్ముడు మాత్రము శత్రువయ్యెను.

ఆమె 1295 ప్రాంతమువఱకు జీవించెనని బాల్యమున నేను చదివిన పుస్తకములలో నుండెడిది. ఉపాధ్యాయుడనై నేనును బాలురకు అట్లే చెప్పితిని. నల్లగొండ మండలమందలి చందుపట్ల శాసనము ఆ మాటను త్రోసివేయుచున్నది. 1289లో రుద్రమదేవియు, ఆమె సేనానియగు మల్లికార్జుననాయకుడును శివలోకమునకేగిరని యందు గలదు. అంబదేవునితోడి యుద్ధముననే యిరువురును మడిసిరని చరిత్రకారుల యూహ. వార్ధక్యమున సైతము ఆమె సేనతో గూడ కదలెనన్నమాట. వారి పుణ్యార్థమై ఆ శాసనమును వేయించి భూదానము చేసినవాడు రాజు కాడు, మంత్రి కాడు. ఆ నాయకుని భృత్యుడగు పువ్వుల ముమ్మడి.