విషాన్ని తూకం వేసిన వైద్యుడు

గుండె బలహీనపడిన పెద్దవాళ్లున్న ఇళ్లలో ఓ చిన్న మాత్ర గురించి తరచూ సందేహం వస్తుంటుంది. మిగతా మందులన్నీ రోజూ వేసుకోమని రాసిన డాక్టరు, డైజాక్సిన్‌ను మాత్రం వారానికి ఐదు రోజులే వేసుకోమంటారు. శని, ఆదివారాలు సెలవు. మాత్రకు సెలవేమిటని నవ్వుకునేవాళ్లున్నారు. మర్చిపోయి ఏడు రోజులూ వేసేవాళ్లున్నారు. నిన్న మానేశామని ఇవాళ రెండు కలిపి వేసేవాళ్లూ ఉన్నారు.

ఈ సెలవు వెనక రెండు శతాబ్దాలు దాటిన కథ ఉంది. దాని కథానాయకుడు ఇంగ్లండ్‌కు చెందిన వైద్యుడు విలియం వితరింగ్. మోతాదు, దుష్ప్రభావం, విషప్రభావం... ఇలా నర్సింగ్‌లో చేరిన పిల్లలకు ఫార్మకాలజీ పుస్తకం తెరవగానే ఎదురయ్యే మాటలన్నీ ఆయన జీవితంలో ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. మీ ఇంట్లో నర్సింగ్ చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే ఈ కథ వాళ్లతో కలిసి చదవండి.

మొక్కలంటే గిట్టని విద్యార్థి

వితరింగ్ 1741లో ష్రాప్‌షైర్ ప్రాంతంలోని వెల్లింగ్టన్‌లో పుట్టారు. తండ్రి మందులు తయారు చేసి ఇచ్చే వైద్యుడు. కాబట్టి నూరడం, కాచడం, వడకట్టడం చిన్నప్పటి నుంచీ చూసినవే. ఎడిన్‌బరాలో వైద్యం చదివి 1766లో పట్టా పుచ్చుకున్నారు. అప్పట్లో మందులంటే చాలావరకు మొక్కలే. అందుకే వైద్య విద్యార్థులకు వృక్షశాస్త్రం తప్పనిసరి. వితరింగ్‌కు మాత్రం ఆ పాఠాలంటే అస్సలు గిట్టేది కాదు.

చదువయ్యాక స్టాఫర్డ్‌లో ప్రాక్టీసు పెట్టారు. అక్కడ ఆయన దగ్గరికి వచ్చిన రోగుల్లో హెలెనా కుక్స్ అనే యువతి ఉంది. ఆమెకు పూల బొమ్మలు గీయడం ఇష్టం. ఆమె కోసం వితరింగ్ పొలాల గట్ల వెంట తిరిగి పూలు ఏరుకొచ్చేవారు. 1772లో ఇద్దరికీ పెళ్లయింది. అంతకుముందు విసుగనిపించిన మొక్కలే ఇప్పుడు ఆయనకు వ్యాపకమయ్యాయి. 1776 నాటికి బ్రిటన్‌లో పెరిగే మొక్కల మీద పెద్ద పుస్తకమే రాశారు. ఈ కొత్త ఇష్టమే తర్వాత ఎందరి ప్రాణాలకో అక్కరకొచ్చింది.

ముసలమ్మ కషాయం

1775లో వితరింగ్ బర్మింగ్‌హామ్‌కు మకాం మార్చారు. అదే ఏడాది ఆయన చేతికి ఒక మందు వివరాలు వచ్చాయి. ష్రాప్‌షైర్‌లో ఓ ముసలమ్మ ఒళ్లంతా నీరు పట్టినవాళ్లకు కషాయం ఇస్తుండేది. పెద్ద డాక్టర్లు చేతులెత్తేసినవాళ్లు కూడా కొందరు దానితో తేరుకునేవారు. అది ఆమె కుటుంబంలో రహస్యంగా వస్తున్న మందు. అందులో ఏముందో చూసి చెప్పమని వితరింగ్‌ను అడిగారు.

కాళ్లు ఉబ్బి, పొట్టలో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడని ఈ స్థితిని అప్పట్లో ఒక జబ్బుగానే లెక్కేసేవారు. గుండె సరిగా పంపు చేయలేకపోయినప్పుడు కూడా ఇలా నీరు చేరుతుందని ఇవాళ మనకు తెలుసు. ఆ రోజుల్లో తెలియదు.

కషాయంలో ఇరవైకి పైగా మూలికలున్నాయి. మొక్కల గుణాలు తెలిసిన వితరింగ్‌కు అందులో పనిచేస్తున్నది ఏదో పట్టుకోవడం కష్టం కాలేదు. అది ఫాక్స్‌గ్లవ్. వేలికి తొడుక్కునే టోపీల్లాంటి ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడే మొక్క. దాని శాస్త్రీయ నామం డిజిటాలిస్. లాటిన్‌లో వేలు అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరది. నర్సింగ్ పుస్తకాలు క్రియాశీల పదార్థమని చెప్పేది దీని గురించే. మందులో ఎన్ని కలిపినా పనిచేసేది ఏదో ఒకటో రెండో. మిగతావి రంగుకో, రుచికో, నింపడానికో.

ఆ ముసలమ్మ పేరేమిటో వితరింగ్ రాయలేదు. చాలాకాలం తర్వాత ఒక మందుల కంపెనీ ప్రకటన కోసం ఆమెకో పేరు కల్పించారు. అది నిజమేనని ఇప్పటికీ చాలామంది చెప్పుకొంటుంటారు.

మొదట చేసిన పొరపాటు

వితరింగ్ రోజూ ఒక గంట పేదలకు ఉచితంగా వైద్యం చేసేవారు. ఏడాదికి రెండు మూడు వేల మంది వచ్చేవారు. ఫాక్స్‌గ్లవ్‌ను మొదట వాళ్లకే ఇచ్చి చూశారు. రోగి అనుమతి తీసుకోవాలన్న నియమాలేవీ లేని కాలమది.

మొదట్లో మోతాదు మరీ ఎక్కువైంది. అంతే కాదు, ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువ రోజులు ఇచ్చారు. దీనికి కారణం ఉంది. ఒంట్లో నీరు తీయడానికి అప్పట్లో స్క్విల్ అనే అడవి ఉల్లిగడ్డ మందు వాడేవారు. రోగికి వికారం పుట్టించినప్పుడే అది మూత్రాన్ని బాగా తెప్పించేది. ఫాక్స్‌గ్లవ్ కూడా అలాగే పనిచేస్తుందని వితరింగ్ అనుకున్నారు. వాంతులు మొదలయ్యేదాకా మోతాదు పెంచుతూ పోయారు.

క్రమంగా ఆయనకు అసలు సంగతి అర్థమైంది. వికారం లేకుండానే నీరు దిగిపోతోంది. అంటే వాంతి మందు పనిచేస్తోందన్న గుర్తు కాదు, హద్దు దాటుతోందన్న హెచ్చరిక. మందు నుంచి మనం కోరుకునే ఫలితం ఒకటి, దాంతోపాటు వచ్చే దుష్ప్రభావం మరొకటి, మోతాదు మించితే తలెత్తే విషప్రభావం ఇంకొకటి. ఈ మూడింటినీ వేరు చేసి చూడటమే ఫార్మకాలజీకి పునాది. తన తొలి పొరపాటును వితరింగ్ దాచలేదు. మోతాదు ఎక్కువ ఇచ్చానని తర్వాత తన పుస్తకంలోనే ఒప్పుకొన్నారు.

ఆకు ఎప్పుడు కోయాలి?

అదే సమయంలో ఆయనకో కబురు అందింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఛాతీలో నీరు చేరితే పేరున్న వైద్యులు ఆశ వదులుకున్నారు. ఫాక్స్‌గ్లవ్ వేరు తీసుకున్నాక ఆయన కోలుకున్నారు. దాంతో ఈ మొక్క అంతు చూడాలని వితరింగ్ గట్టిగా నిర్ణయించుకున్నారు.

కానీ ఓ చిక్కుంది. వేరు బలం ఋతువును బట్టి మారిపోతోంది. ఆకును కాచి కషాయం చేస్తే ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా పనిచేస్తోంది. మన వంటింట్లో మిరపకాయల సంగతి తెలిసిందే. రెండు కాయలు వేశామన్న లెక్క ఒకటే అయినా, ఒకసారి కూర చప్పగా ఉంటుంది, ఇంకోసారి నోరు మండిపోతుంది. కూరైతే సరిపెట్టుకుంటాం. గుండె మందు అలా కుదరదు.

అందుకే వితరింగ్ వేరును పక్కనపెట్టి ఆకును ఎంచుకున్నారు. అది కూడా మొక్క పూతకొచ్చే సమయంలో కోసిన ఆకునే. దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, తూకం వేసి ఇచ్చారు. పెద్దవాళ్లకు ఒకటి నుంచి మూడు గ్రెయిన్ల పొడి, రోజుకు రెండుసార్లు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. ఇలా ప్రతిసారీ ఒకే బలంతో మందు అందేలా చూడటాన్ని ప్రామాణీకరణ అంటారు. ముసలమ్మ కషాయానికీ డాక్టరు మందుకూ ఉన్న తేడా ఇదే. ఆకు అదే, మారింది లెక్క.

ఎప్పుడు ఆపాలో రాసిన పుస్తకం

పదేళ్లపాటు వితరింగ్ ప్రతి రోగి వివరాలూ రాసిపెట్టుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో 1779లో మొదలైన జనరల్ హాస్పిటల్‌లోనూ వైద్యుడిగా పనిచేశారు. నెలకోసారి పౌర్ణమి దగ్గర్లో కలుసుకునే లూనార్ సొసైటీలో ఆయనా ఒక సభ్యుడు. ఆవిరి యంత్రంతో పేరుపొందిన జేమ్స్ వాట్, ఆక్సిజన్ మీద ప్రయోగాలు చేసిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఆయన మిత్రులు. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ తాతగారైన ఎరాస్మస్ డార్విన్ కూడా ఆ బృందంలోని వైద్యుడే. వితరింగ్‌ను బర్మింగ్‌హామ్‌కు రమ్మన్నది ఆయనే. ఫాక్స్‌గ్లవ్ గురించి ముందుగా ప్రచురించే విషయంలో తర్వాత ఇద్దరి స్నేహం చెడింది.

ఈలోగా ఈ ఆకు పేరు పాకిపోయింది. 1783లో ఎడిన్‌బరా అధికారిక మందుల జాబితాలో చేరింది. జాగ్రత్తలు తెలియకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు ఇస్తే ప్రాణాలు పోతాయి. లేదా మంచి మందు కాస్తా విషమన్న ముద్ర పడి మూలకు చేరుతుంది. ఈ రెండు భయాలతోనే వితరింగ్ 1785లో పుస్తకం అచ్చు వేయించారు. అందులో 163 మంది రోగుల వివరాలున్నాయి. కోలుకున్నవాళ్లతోపాటు ఫలితం లేనివాళ్లు, చనిపోయినవాళ్లు కూడా ఉన్నారు. బాగైన కేసులే ఏరి చూపితే మందుకు గొప్ప పేరు వస్తుందని ఆయనకు తెలుసు. అలా చేస్తే సత్యానికి ద్రోహమని వద్దనుకున్నారు.

మోతాదు మించితే ఏమవుతుందో ఆయన వరసగా రాశారు. వికారం, వాంతులు, విరేచనాలు, తల తిరగడం, చూపు మసకబారడం, వస్తువులు పసుపుగానో ఆకుపచ్చగానో కనిపించడం, నాడి నిమిషానికి 35కు పడిపోవడం, చివరికి మరణం. మూత్రపిండాలు, పొట్ట, నాడి, పేగులు... ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాని మీద ప్రభావం కనిపించినా మందు ఆపేయాలన్నది ఆయన పెట్టిన నియమం. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎప్పుడు ఆపాలో ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు అంతకుముందు అరుదు.

ఈ మందుకు గుండె కదలికల మీద ఎంతో పట్టుందని కూడా ఆయన గమనించారు. కానీ దీన్ని ప్రధానంగా నీరు తీసే మందుగానే భావించారు. నీరు దిగడానికి కారణం గుండె బలంగా కొట్టుకోవడమేనని ఆయనకు తెలియదు.

ఊపిరి అందని డాక్టరు

ఎందరికో ఆయాసం తగ్గించిన ఈ వైద్యుణ్ని ఊపిరితిత్తుల జబ్బు ఏళ్లతరబడి పీడించింది. అది క్షయ అంటారు. దానికి అప్పట్లో మందే లేదు. 1791లో బర్మింగ్‌హామ్‌లో అల్లర్లు చెలరేగి ప్రీస్ట్‌లీ ఇల్లు తగలబడింది. మూక వితరింగ్ ఉంటున్న ఎడ్జ్‌బాస్టన్ హాల్ మీదికీ వచ్చింది కానీ ఇల్లు దక్కింది. చలి పడక వరసగా రెండు శీతాకాలాలు పోర్చుగల్ వెళ్లి గడిపారు. అక్కడా ఖాళీగా కూర్చోకుండా వేడినీటి బుగ్గల నీటిని పరీక్షించారు. 1799 అక్టోబరు 6న, 58 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఎడ్జ్‌బాస్టన్ పాత చర్చిలో ఆయన స్మారక ఫలకం మీద ఫాక్స్‌గ్లవ్ చెక్కి ఉంటుంది.

ఆకు నుంచి మాత్రకు

1930లో మరో రకం ఫాక్స్‌గ్లవ్ ఆకుల నుంచి డైజాక్సిన్‌ను విడిగా తీశారు. మన ఇళ్లలోకి వచ్చే మాత్ర ఇదే. మాత్రలో సాధారణంగా ఉండేది 0.25 మిల్లీగ్రాములే. వితరింగ్ ఆకుపొడితో పోలిస్తే వందల రెట్లు తక్కువ బరువు. ఎంత తక్కువ పరిమాణంతో మందు పనిచేస్తుందో చెప్పే మాటే పోటెన్సీ.

గుండె కండర కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ మార్చే ఓ పంపు ఉంటుంది. డైజాక్సిన్ దాన్ని కొంత అడ్డుకుంటుంది. దాంతో కణంలో క్యాల్షియం పెరిగి గుండె గట్టిగా ముడుచుకుంటుంది. గుండె వేగమూ తగ్గుతుంది. ఇలా మందు ఒంటికి ఏం చేస్తుందో చెప్పేది ఫార్మకోడైనమిక్స్. ఒళ్లు మందును ఎలా పీల్చుకుని, ఎలా బయటికి పంపుతుందో చెప్పేది ఫార్మకోకైనెటిక్స్.

ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం హాఫ్ లైఫ్. కిడ్నీలు బాగున్నవాళ్లలో డైజాక్సిన్‌కు ఇది 36 నుంచి 48 గంటలు. అంటే ఇవాళ్టి మాత్ర వేసుకునే సరికి నిన్నటిది సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఉన్న ఎడమే థెరప్యూటిక్ ఇండెక్స్. డైజాక్సిన్‌లో ఆ ఎడం చాలా ఇరుకు. శని, ఆదివారాల సెలవు అందుకే. రెండు రోజులు మానినా మందు పూర్తిగా పోదు, మొత్తం మోతాదు మాత్రం తగ్గుతుంది. ఈ పద్ధతి అందరికీ వర్తించదు. కొందరికి చిన్న మోతాదు రోజూ ఇస్తారు. ఎవరికి ఎలా అన్నది డాక్టరే తేల్చాలి.

మన పల్లెల్లో గన్నేరు పప్పు విషమని అందరికీ తెలుసు. అందులో ఉన్నవీ ఈ జాతి పదార్థాలే, దెబ్బ తీసేదీ ఆ పంపునే. పిల్లలు పొరపాటున నోట్లో పెట్టుకుంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో ఈ మాత్ర వాడుతుంటే

ఆస్పత్రిలో నర్సులు డైజాక్సిన్ ఇచ్చేముందు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి పూర్తిగా ఒక నిమిషం గుండె చప్పుడు లెక్కపెడతారు. పెద్దవాళ్లలో అది 60 కన్నా తక్కువుంటే మాత్ర ఆపి డాక్టరుకు చెబుతారు. ఇంట్లో మణికట్టు దగ్గర నాడి చూడటం ఎలాగో మీ డాక్టరునో నర్సునో అడిగి నేర్చుకోండి.

ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకండి. అన్నం సయించకపోవడం, వికారం, చూపులో పసుపు ఛాయ, అయోమయం, నాడి నెమ్మదించడం కనిపిస్తే వయసు మీద పడిందని సరిపెట్టుకోవద్దు. వెంటనే డాక్టరుకు చెప్పండి. నీరు పోవడానికి వాడే ఫ్యూరోసెమైడ్ లాంటి మాత్రలతో పొటాషియం తగ్గుతుంది. అప్పుడు మామూలు మోతాదు డైజాక్సిన్ కూడా విషమవ్వొచ్చు. కిడ్నీలు దెబ్బతిన్నా అంతే. కాబట్టి డాక్టరు రాసిన రక్తపరీక్షలు వాయిదా వేయకండి. బాగానే ఉంది కదా అని సొంతంగా మానేయడమూ ప్రమాదమే.

మాత్రల డబ్బాలో శని, ఆదివారాల గడులు ఖాళీగా కనిపిస్తే ఎవరో మర్చిపోయారనుకోకండి. ఆ ఖాళీ కూడా చీటీలో రాసిన మందులో భాగమే.