చట్టసభలో ఒక డాక్టరమ్మ

అడయారు క్యాన్సర్ ఆసుపత్రి పేరు మన పెన్షనర్లలో తెలియనివారు అరుదు. దానిని నెలకొల్పిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు అంతకు పాతికేళ్ల ముందే చట్టసభలో ఆడవారి పక్షాన చేసిన పోరాటం మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఈ మహిళా దినోత్సవ ప్రత్యేక సంచికలో దానిని గుర్తుచేసుకోవడం సముచితమని భావిస్తున్నాను.

ఆమె 1886 జులై 30న పుదుక్కోట సంస్థానంలో జన్మించారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ గారు అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ గారు దేవదాసీ కుటుంబానికి చెందినవారు. మగపిల్లల కాలేజీలో ఈ ఆడపిల్లను చేర్చుకోవడానికి వీల్లేదని పెద్దలు అభ్యంతరం చెప్పగా, రాజా వారు స్వయంగా అనుమతించారు. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో పట్టభద్రురాలయ్యారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని వివాహమాడారు. తనను సమానంగా చూడాలని, తన పనికి అడ్డు రాకూడదని పెళ్లికి ముందే షరతు పెట్టారట. ఆ రోజుల్లో ఎంత ధైర్యం!

1926లో మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్‌కు నామినేట్ అయ్యారు. బ్రిటిష్ ఇండియా చట్టసభలలో అడుగుపెట్టిన తొలి మహిళ ఆమే. 1927లో సభ్యులంతా ఏకగ్రీవంగా ఆమెను డిప్యూటీ ప్రెసిడెంట్‌గా ఎన్నుకున్నారు. గౌరవం ఇవ్వడంలో ఎవరికీ పేచీ లేదు. ఆడపిల్లలను దేవాలయాలకు అంకితమిచ్చే ఆచారాన్ని ఆపాలని ఆమె కోరిన తరువాతనే అసలు మాటలు బయటపడ్డాయి.

ఆడవారంటే చిన్నచూపు అనగానే మనకు తిట్టు, చెయ్యి చేసుకోవడం గుర్తుకొస్తాయి. చట్టసభలలో అది ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. ఇది మతాచారం, శాస్త్రసమ్మతం, దీనివల్లనే సంగీత నాట్యాలు నిలిచాయి, ప్రజలు ఇంకా సిద్ధంగా లేరు, అభిప్రాయ సేకరణ జరగాలి అన్న ధోరణి నడిచింది. దేశ స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్లిన సత్యమూర్తి గారి వంటి వారు సైతం ఈ విషయంలో ఆమెను వ్యతిరేకించారు. వ్యక్తిగతంగా ఎవరూ చెడ్డవారు కారు. అంకితమయ్యే ఎనిమిదేళ్ల పిల్లకు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ వాదనల్లో వెనక్కి పోయింది. డాక్టరుగా ఆమె దానినే ముందుకు తెచ్చారు.

సమస్యకు మూలం ఇనాం భూమి. ఆలయ సేవకు ఇచ్చిన మాన్యం కుటుంబంలో నిలవాలంటే ప్రతి తరంలోనూ ఒక ఆడపిల్ల సేవకు రావాలి. రెవెన్యూ శాఖలో పనిచేసిన మన మిత్రులకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కరలేదు. పిల్లను ఇవ్వకపోతే పొలం పోతుంది. 1929లో ఆమె కృషితో వచ్చిన సవరణ చట్టం ఆ భూములను సేవ నుంచి విడదీసి కుటుంబాలకే దక్కేలా చేసింది. నా దృష్టిలో ఆమె సాధించిన పనుల్లో అతి తెలివైనది ఇదే.

ఒక సంగతి కూడా చెప్పాలి. దేవదాసీలలో కొందరు సంఘంగా ఏర్పడి, తమను వేశ్యలతో ఒకే గాటన కట్టవద్దని, తాము కళాకారిణులమని, చదువు, ఆస్తి నిలిచే మార్గం చూపమని ప్రభుత్వానికి విన్నపాలు పెట్టుకున్నారు. ముత్తులక్ష్మి గారు వాటిని పట్టించుకోలేదు. ఆ స్త్రీల గురించి మాట్లాడేవారు రెండు పక్షాలలోనూ ఉన్నారు గాని, వారి మాట విన్నవారు తక్కువ.

అంకితాన్నే నిషేధించే బిల్లును 1930లో ప్రవేశపెట్టారు. అదే ఏడాది గాంధీజీ అరెస్టుకు నిరసనగా కౌన్సిల్‌కు రాజీనామా ఇవ్వడంతో బిల్లు నిలిచిపోయింది. దేవదాసీ కుటుంబాల నుంచి తప్పించుకుని తన ఇంటికి వచ్చిన ఆడపిల్లలకు హాస్టళ్లలో చోటు దొరకకపోతే తానే ఆశ్రయం ఇచ్చారు. అవ్వై హోం అలా మొదలైంది. నిషేధ చట్టం మాత్రం 1947లో గాని రాలేదు. పదిహేడేళ్లు!

ఆమె చెల్లెలు 1923లో క్యాన్సర్‌తో మరణించారు. ఆ దుఃఖమే 1954లో అడయారులో ఆసుపత్రి అయింది. శంకుస్థాపన 1952లో నెహ్రూ గారు చేశారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1968 జులై 22న ముత్తులక్ష్మి గారు కన్నుమూశారు.

1947 నాటి మద్రాసు చట్టం కోస్తా, రాయలసీమ జిల్లాలకూ వర్తించింది. నిజాం పాలనలో ఉన్న తెలంగాణ దాని పరిధిలో లేదు. అక్కడి జోగినీల కోసం ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ 1988లో మరో చట్టం చేయవలసి వచ్చింది.