చెరగని ఎలక్ట్రాన్ల వెనక ఒక మనిషి

పోయిన సెమిస్టర్‌లో నా పాత పెన్‌డ్రైవ్ ఒక జూనియర్‌కి ఇచ్చాను. ఇచ్చేముందు అన్నీ డిలీట్ చేసి, క్విక్ ఫార్మాట్ కూడా కొట్టాను. రెండ్రోజులకి వాడు రూమ్‌కొచ్చి, నవ్వకుండా ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. స్క్రీన్ మీద మా అమ్మ ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు. ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్‌ని సరదాగా రన్ చేశాడట. వాడు మంచోడు కాబట్టి సరిపోయింది.

ఎందుకు చెరగలేదా అని వెతుకుతూ పోతే దావోన్ కాంగ్ దగ్గర తేలాను.

1931లో సియోల్‌లో పుట్టాడాయన. కొరియా యుద్ధం ముగిసిన రెండేళ్లకి, 1955లో, అమెరికా వెళ్లి ఒహాయో స్టేట్‌లో డాక్టరేట్ చేశాడు. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో చేరి, ఈజిప్టు నుంచి వచ్చిన మొహమ్మద్ అటాలాతో కలిసి మాస్‌ఫెట్ తయారుచేశాడు. మనం ల్యాబ్‌లో తిట్టుకుంటూ గ్రాఫులు గీసే మాస్‌ఫెట్ అదే! 1967లో సైమన్ జీతో కలిసి దానికి ఇంకో గేటు చేర్చాడు. పొరలు పొరలుగా ఉన్న కేకు తింటుంటే ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. చుట్టూ ఇన్సులేటర్ ఉన్న ఆ ఫ్లోటింగ్ గేటులో చిక్కిన ఎలక్ట్రాన్లు కరెంటు తీసేసినా బయటికి రావు. 1980లలో తోషిబాలో ఫుజియో మసుఒకా ఫ్లాష్ మెమరీ చేసింది ఈ గేటు మీదే.

మరిచిపోకుండా ఉండటమే దాని పని. డిలీట్ కొడితే పోయేది ఫైలు అడ్రసు మాత్రమే. పైగా ఫ్లాష్‌లో ఉన్నచోటే తిరగరాయడం కుదరదు, బ్లాకు మొత్తం చెరపాలి. అందుకే కంట్రోలర్ కొత్త డేటాని వేరే చోట రాస్తుంది. మనం పైన ఎంత రాసినా పాత కాపీ ఎక్కడో మిగిలిపోవచ్చు.

కాబట్టి ఎస్ఎస్‌డీ అమ్మేముందు తయారీదారు టూల్‌తో సెక్యూర్ ఎరేజ్ చేయండి. పెన్‌డ్రైవ్ అయితే కొన్న రోజే ఎన్‌క్రిప్ట్ చేసుకోండి. అప్పుడు పాస్‌వర్డ్ లేకుండా మిగిలినదంతా చెత్తే. అదీ చేయకపోతే, ఎవరికీ ఇవ్వకుండా లోపలి చిప్పు పగలగొట్టడమే.

కాంగ్ 1988లో బెల్ ల్యాబ్స్ వదిలి, ప్రిన్స్‌టన్‌లో ఎన్ఈసీ పరిశోధన సంస్థకి మొదటి అధ్యక్షుడయ్యాడు. 1992 మేలో, 61 ఏళ్లకే, ఆపరేషన్ తర్వాత పోయాడు. పెన్‌డ్రైవ్ అనేది ఆయన చూడనేలేదు. ఇప్పుడది మన అందరి జేబుల్లో ఉంది, ఆయన పేరు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

ఆ పెన్‌డ్రైవ్ జూనియర్ తిరిగిచ్చేశాడు. వాడికి కొత్తది కొనిచ్చాను.