మనవాళ్ల పేరుగా మారిన మన్రో దొర ఇంటిపేరు

కంభం: దొరల ఇంటిపేరు పల్లెటూరి బిడ్డలకు పేరు కావడం అరుదు. అయినా దత్తమండలాలలో ఒకప్పుడు మన్రోలప్ప అనే పేరు పెట్టుకునేవారు. ఆ పేరుకు మూలపురుషుడు సర్ థామస్ మన్రో.

మన్రో అనేది స్కాట్లండు వారి ఇంటిపేరు. 1764లో బక్సరు యుద్ధం గెలిచిన హెక్టర్ మన్రో, తిరువాన్కూరులో దివానుగా పనిచేసిన జాన్ మన్రో, సాకి అనే మారుపేరుతో కథలు రాసిన హెచ్.హెచ్. మన్రో ఆ ఇంటిపేరు వారే. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన కొండలను కూడా, వాటి జాబితా రాసిన హ్యూ మన్రో పేరిట, మన్రోలనే అంటారు.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టారు. అమెరికా యుద్ధంలో తండ్రి వర్తకం దెబ్బతిన్నది. 1780లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు.

1800లో నిజాం నవాబు దత్తమండలాలను కంపెనీకి ఇచ్చివేశారు. కంభం ప్రాంతం కూడా అందులోదే. వాటికి మన్రో ప్రధాన కలెక్టరు అయ్యారు. అప్పటికి 80 మంది పాలెగాళ్లు ఈ సీమలో పెత్తనం చేస్తున్నారు. వారిని అణచి, డేరాలలో ఉంటూ ఊరూరా తిరిగారు. 1802లో భూముల కొలత మొదలుపెట్టించారు. 33 అడుగుల గొలుసుతో కొలిచేవారు. అటువంటి చదరాలు 40 అయితే ఒక ఎకరం. మధ్యవర్తి లేకుండా రైతు పేరనే పట్టా, రైతు చేతనే శిస్తు. ఇదే రైత్వారీ పద్ధతి.

అయితే ఆ శిస్తు తేలికేమీ కాదు. పంటలో నూటికి 45 పాళ్ల దాకా సర్కారుకే పోయేది. ఇది రైతు మోయలేని భారమని మన్రోయే గుర్తించి, నాలుగో వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేశారు. పైవారు వినలేదు. ఊళ్లను గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు. రైతులు చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకనే రైత్వారీ మళ్లీ అమలై, శిస్తు తగ్గింది.

స్వదేశం వెళ్లబోయే ముందు ఈ సీమను చూసిపోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో పాతిపెట్టి, 1831లో అస్థులను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. తిరుమలలో ఆయన పేరిట మన్రో గంగాళం ఉన్నది.

కంభం తాలూకా తర్వాత కడప నుంచి కర్నూలుకు, 1970లో ఒంగోలు జిల్లాకు మారింది. జిల్లాలు మారినా, రైతు పేర పట్టా ఉండాలన్న ఆనాటి కట్టుబాటు మాత్రం మారలేదు.